రోజునామా: కొలువు రాత, ఇంటి రాత

తెలుగువారు తమ రోజులను తామే రాసిపెట్టుకోవడం ఎప్పటినుంచి మొదలైంది అని అడిగితే మన సాహిత్య చరిత్రలు సాధారణంగా కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రము దగ్గరికి తీసుకుపోతాయి. అది న్యాయమే. అయితే స్వీయచరిత్ర వేరు, రోజునామా వేరు. స్వీయచరిత్ర రాసేవాడు జీవితం చాలావరకు గడిచాక వెనక్కి తిరిగి చూసి, ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకొని రాస్తాడు. రోజునామా రాసేవాడికి ఆ వీలు లేదు. రేపు ఏం జరగబోతున్నదో తెలియకుండానే ఈరోజు సంగతి ఈరోజే కాగితం మీద పెడతాడు. అందువల్ల అతడి రాతలో బియ్యం ధర, బాట మీది బురద, దేవుడి దర్శనం ఒకే వరసలో నిలుస్తాయి. చరిత్ర చదివేవారికి పనికివచ్చేది ఈ వరసే.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన సంగతి ఇది. తెలుగులో ఈ రాత కవుల ఇళ్ళలో పుట్టినది కాదు, కచేరీలలో పనిచేసేవారి చేతుల్లో పుట్టింది. కొలువు కోసం అలవడిన రాత ఇంటికి వచ్చి ఇష్టంగా మారింది. ఆ రాసినవారి బిడ్డలో, అన్నదమ్ములో, స్నేహితులో కాగితాలు దాచి అచ్చువేయించడం వల్ల మనకు కొంత దక్కింది. దాచేవారు లేనిచోట దక్కలేదు. మొదటి మాటకు సాక్ష్యం మద్రాసులో ఉంది. రెండో మాట గురించి ఆలోచించడానికి మేము మహారాష్ట్రలోని చంద్రపూర్ ప్రాంతాన్ని ఎంచుకున్నాం. తెలుగుదేశపు ఉత్తరపు అంచున ఉన్న ఈ ప్రాంతానికీ తెలుగువారి రాతకూ ఉన్న సంబంధం పైకి కనిపించేదానికన్నా ఎక్కువ.

ముందుగా కొలువు రాత సంగతి. రోజునామా అన్న మాటే మనకు పారసీ నుంచి కచేరీల ద్వారా వచ్చింది. ఏ రోజు పని ఆ రోజు రాసి పైవారికి చూపించే పుస్తకం అది. గ్రామ కరణాల దండకవిలెలు, వర్తకుల చిట్టా ఆవర్జాలు అంతకుముందే ఉన్నాయి గాని, వాటిలో రాసేవాడి ఊసు ఉండదు. రాసేవాడు తాను వెళ్ళిన ఊరు, కలిసిన మనిషి, విన్న మాట చెప్పవలసిన అవసరం ఈస్టిండియా కంపెనీ కొలువులతో పెరిగింది. కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఇందుకు మంచి ఉదాహరణ. ఏలూరుకు చెందిన కావలి వేంకట బొర్రయ్య 1796 ప్రాంతంలో మెకంజీ దగ్గర చేరి, 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని తలకెత్తుకున్నాడు. మరో సోదరుడు రామస్వామి కూడా అదే దారి. వీరి కింద పనిచేసే గుమాస్తాలు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, శాసన ప్రతులు సేకరిస్తూ, తాము ఏ నెలలో ఎక్కడెక్కడ తిరిగిందీ, ఎవరు కాగితాలు ఇచ్చిందీ, ఎవరు ఇవ్వనన్నదీ రాసి పంపేవారు. జీతం కోసం రాసినవే అయినా, ఊరి పెద్దల అనుమానాలూ దారిలో పడిన అగచాట్లూ వీటిలోకి రాకుండా ఉండవు. కొలువు రాత ఇంటి రాతగా మారడం ఇక్కడ మొదలవుతుంది.

ఒకే ఇంటి అన్నదమ్ములు రాతనే వృత్తిగా చేసుకోవడం, అదే వారి అభిరుచిగా కూడా నిలవడం కావలివారిలో చూస్తాం. మెకంజీ 1821లో చనిపోయాక రామస్వామి దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చువేయించాడు. ఇది ఎవరూ పురమాయించిన పని కాదు. లక్ష్మయ్య 1830లలో మెకంజీ వదిలివెళ్ళిన పనిని తాను కొనసాగిస్తానని ముందుకు వస్తే, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఒక దేశీయుడు సేకరించగలడు గాని విచారించి రాయలేడన్నది వారి అభిప్రాయం. పాతికేళ్ళకు పైగా ఆ పనే చేసినవాడి గురించి ఇలా అనగలగడం విచిత్రమే. కొలువులో ఉన్నంతకాలం అతని రాత విలువైనది, తనకోసం రాస్తానంటే కాదు.

అంతకు ముందటి తరంలో పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్ళె ఉన్నాడు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర ద్విభాషిగా పనిచేసిన ఈయన 1736 నుంచి 1761లో చనిపోయేదాకా రాసిన దినచర్య సుప్రసిద్ధం. అది తమిళంలో ఉంది గనుక ఇక్కడ దాన్ని విస్తరించం. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందాన్ని అంకితం పొందినవాడుగా తెలుగువారికి ఆయన పరిచితుడే. మనకు ఇక్కడ కావలసిన సంగతి వేరు. పిళ్ళె పోయాక ఆ పుస్తకం మూతపడలేదు. తమ్ముడి కొడుకు తిరువేంగడం పిళ్ళె కలం అందుకొని రాయడం సాగించాడు. రోజునామా ఒక మనిషి అలవాటుగా మొదలై ఇంటి ఆచారమైంది.

ఇక తెలుగులో మనకున్న పెద్ద సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఈ పుస్తకాన్ని యాత్రాచరిత్రగా చదవడం మనకు అలవాటు. రోజునామాగా చదివితే ఇంకొన్ని సంగతులు బయటపడతాయి.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. వెంట సుమారు నూరుమంది పరివారం. తిరుపతి, కడప, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడినుంచి నిర్మల, ఆదిలాబాదు, హింగన్‌ఘాట్ దారిన నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీకి వెళ్ళాడు. తిరుగుప్రయాణం గయ, కలకత్తా, పూరీ, ఉత్తర సర్కారుల తీరం మీదుగా. దారిలో చూసిందంతా రాసి మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చాడు. వీరాస్వామయ్య 1836లో చనిపోయాడు. శ్రీనివాస పిళ్ళె ఆ రాతలను కూర్చి, స్నేహితుడి జీవితం గురించి కొంత తాను రాసి చేర్చి, 1838లో అచ్చువేయించాడు. 1869లో రెండోసారి అచ్చయింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు పైగా దాని ఊసు ఎత్తినవారు తక్కువ. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు పీఠికతో, వివరణలతో ప్రకటించాక గాని ఈ పుస్తకం మళ్ళీ చదువరుల చేతికి రాలేదు. శివరావుగారు బెజవాడలో వకీలు. చరిత్ర ఆయన జీతపు పని కాదు. కొలువులో ఉన్నవాడు ఇష్టంతో రాసినదాన్ని, మరో వృత్తిలో ఉన్నవారు ఇష్టంతో బతికించారు.

ఈ పుస్తకంలో రాసే మనిషి వృత్తి అడుగడుగునా కనిపిస్తుంది. కోర్టులో ద్విభాషి పని ఏమిటి? సాక్షి చెప్పినదాన్ని పెంచకుండా, తగ్గించకుండా మరో భాషలోకి మార్చడం. తన అభిప్రాయం ఉంటే అది వేరే మాట. వీరాస్వామయ్య ఊరి గురించి రాసే తీరు అచ్చం ఇలాగే ఉంటుందని మాకు తోస్తుంది. మజిలీకి ఎంత దూరం, బాట రాతినేలా రేగడా, నీళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా, అంగళ్ళు ఉన్నాయా అన్నవి ముందు. క్షేత్ర మహాత్మ్యం చెప్పిన తర్వాత అక్కడ ఏ సేవకు ఎంత రుసుం, ఆ సొమ్ము ఎవరికి పోతుంది అన్నదీ చెబుతాడు. తిరుపతిలో కంపెనీ ప్రభుత్వానికి ముట్టే ఆదాయం, శ్రీశైలంలో కర్నూలు నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేస్తూ గుడి బాగోగులు పట్టించుకోకపోవడం ఆయన రాసిపెట్టిన సంగతులే. భక్తుడూ ఆయనే, లెక్క అడిగే ఉద్యోగీ ఆయనే. ఇద్దరూ ఒకే పుటలో ఉండటానికి ఆయనకేమీ ఇబ్బంది లేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. వచనం ఎలా ఉండాలన్న కట్టుబాటు ఆ తర్వాత గట్టిపడింది. గిడుగువారు వ్యావహారికం కోసం పోరాడటం ఇరవయ్యో శతాబ్ది మాట. వీరాస్వామయ్య ఈ రెండింటికీ ముందువాడు. గ్రంథం రాస్తున్నానన్న స్పృహ లేదు గనుక, స్నేహితుడికి ఉత్తరం రాస్తున్నాడు గనుక, మద్రాసు కచేరీ తెలుగును అలాగే దించాడు. ఉర్దూ మాటలు, అరవ మాటలు, ఇంగ్లీషు మాటలు ఏది ముందు నోటికి వస్తే అది పడ్డాయి. వాక్యాలు కొన్నిచోట్ల ఎంతకీ తెగవు. వ్యాకరణం దృష్టితో చూసేవారికి ఇది లోపం. 1830లో చదువుకున్న తెలుగువాడు ఇంట్లో ఎలా రాసేవాడో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటె మంచి ఆధారం లేదు.

ఇంకొకటి. ఇది రహస్యంగా దాచుకొన్న దినచర్య కాదు. పంపుతున్న ప్రతి భాగమూ ఒకరు చదువుతారని, వారు మరి కొందరికి చదివి వినిపిస్తారని తెలిసే రాశాడు. స్వంత మాటా నలుగురి మాటా అయిన ఈ రాతకు అచ్చు కంటె ముందు చదువరులు దొరికారు. ఈరోజుల్లో కంప్యూటరు తెరమీద ఏ రోజు సంగతులు ఆ రోజు రాసి దేశదేశాల్లోని బంధుమిత్రులకు చూపుతున్న తెలుగువారికి ఆయన మరీ దూరపు చుట్టం కాడు. కాకపోతే ఆయన ఉత్తరాలు టపాలో చేరడానికి వారాలు పట్టేది, చదివినవారి మాట తిరిగి చేరేసరికి మజిలీలు ఎన్నో మారిపోయేవి.

ఇదే కాలంలో మద్రాసులో ఇలాంటి కొలువే చేసిన వెన్నెలకంటి సుబ్బారావు మరో దారి పట్టాడు. ఒంగోలు ప్రాంతంవాడు, సదరు కోర్టులో అనువాదకుడు, ద్విభాషి. తన జీవితాన్ని ఇంగ్లీషులో రాసుకొన్నాడు. 1839లో ఆయన చనిపోయాక ముప్ఫై నాలుగేళ్ళకు, 1873లో, కొడుకు దాన్ని మద్రాసులో అచ్చువేయించాడు. తెలుగువాడు రాసుకొన్న తొలి జీవితచరిత్రల్లో ఒకటైన ఆ పుస్తకం కొడుకు పెట్టెలోనే ఉండిపోతే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చంద్రపూర్ వైపు వద్దాం. పాత కాగితాల్లో దీని పేరు చాందా. గోండు రాజుల రాజధాని, మహాకాళి క్షేత్రం. తర్వాత నాగపూరు భోంసలేల చేతికి వచ్చింది. వీరాస్వామయ్య వార్ధా నది దాటి నాగపూరు రాజ్యంలో ప్రవేశించినప్పుడు ఈ చాందా ఆ రాజ్యంలో భాగమే. కాని ఆయన చాందా రాలేదు. అప్పటి కాశీబాట ఆదిలాబాదు నుంచి నేరుగా ఉత్తరంగా హింగన్‌ఘాట్ వైపు పోయేది. ఈనాటి హైదరాబాదు నాగపూరు రహదారి ఇంచుమించు అదే. చాందా ఆ బాటకు తూర్పున, అడవుల మధ్య ఉండిపోయింది. ఆ బాట కొంచెం తూర్పుకు జరిగి ఉంటే 1830 నాటి చాందా బజారు, అక్కడి తెలుగు మాట మనకు ఆయన కలంతో దక్కేవి కదా అనిపిస్తుంది. చరిత్రలో ఇలాంటి కోరికలకు చోటు లేదని తెలిసీ అంటున్నాం.

తెలుగు చాందాకు బయటనుంచి వచ్చిన భాష మాత్రమే కాదు. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున ఉన్న సిరొంచ ప్రాంతం తెలుగు మాట్లాడే నేల. సిరొంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లా 1874లో రద్దయి, ఆ ప్రాంతం చాందా జిల్లాలో కలిసింది. అందులో నూగూరు, ఆల్బక, చెర్ల తాలూకాలు 1907లో మద్రాసు రాజధానికి మారాయి. సిరొంచ ఇటే ఉండిపోయి, 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పడమట వార్ధా నది అవతల రాజురా తాలూకా కథ మరొకటి. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉంది. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడు జిల్లాకు, 1959లో చాందాకు వచ్చింది. మనుషులు ఉన్నచోటే ఉండగా కచేరీ రెండుసార్లు మారిందన్నమాట. రాజురాలో నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ, నదికి ఇవతల మరాఠీ, పాత దస్తావేజుల్లో మోడీ లిపి, పైస్థాయిలో ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో, పెళ్ళిలో, అంగడిలో, దేవుడి దగ్గర.

మా వాదానికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఇంటి రాత కొలువు రాత నుంచి పుట్టిందని పైన చెప్పాం. మద్రాసులో ద్విభాషికి తెలుగు కొలువు భాషల్లో ఒకటి. చాందాలో తెలుగు గుమాస్తాకు, తలాటీకి, వర్తకుడికి తెలుగు కొలువు భాష కాదు. చేయి తిరిగింది మోడీలోనో ఉర్దూలోనో. ఇంటి సంగతి రాసుకోవాలంటే ఏ లిపిలో రాస్తాడు? చేయి తిరిగిన లిపిలో రాస్తే పిల్లలకు అందదు. తెలుగులో రాయాలంటే వేరే నేర్చుకోవాలి. ఈ ప్రాంతం నుంచి వీరాస్వామయ్య వంటివాడు రాకపోవడానికి తెలివీ తీరికా లేకపోవడం కారణం కాదని, లిపులు ఇలా చీలిపోవడమే కారణమని మా అభిప్రాయం.

1929లో కాజీపేట బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. మద్రాసు ఢిల్లీ బండి ఈ దారిన నడవడంతో, కాశీకి పోయే తెలుగు యాత్రికులు వీరాస్వామయ్య నడిచిన పడమటి బాట వదిలి చంద్రపూర్ మీదుగా పోవడం మొదలైంది. వంద సంవత్సరాల కింద బాట పక్కకు పడిపోయిన ఊరు బాట మీదికి వచ్చింది. బల్లార్‌పూరు, ఘుగ్గుస్, మాజ్రీ బొగ్గుగనులు, బల్లార్‌పూరు కాగితం మిల్లు, చంద్రపూర్ విద్యుత్ కేంద్రం, సిమెంటు కర్మాగారాలు పనికోసం తెలుగువారిని రప్పించాయి. వచ్చినవారిలో గుమాస్తా ఒకడైతే గనిలో దిగేవారు పదిమంది. కొలువు రాత వారికి హాజరు చీటీ దగ్గర ఆగుతుంది. ఇంటికి రాసే ఉత్తరం మాత్రం ఉంది. కరీంనగరుకో శ్రీకాకుళానికో పోయిన ఆ ఉత్తరాలు ఈ ప్రాంతపు అసలు రోజునామా. అవి ఉంటే చంద్రపూర్‌లో ఉండవు, చేరిన ఊళ్ళో ఉంటాయి. ఈ సంగతి సేకరణకు పూనుకొనేవారు ముందుగా గుర్తుంచుకోవాలి.

చాందా జిల్లా మధ్యపరగణాల్లో నాగపూరు డివిజన్‌లో ఉండేది. ఆ నాగపూరులోనే పందొమ్మిదో శతాబ్ది చివర ఒక తెలుగు కుటుంబం, పైన చెప్పిన చిక్కును దాటి, రాతను ఇంటి పనిగా చేసుకొంది. అది భండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావుల ఇల్లు. అచ్చమాంబ 1874లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళకు మేనమామ భండారు మాధవరావుతో పెళ్ళయింది. ఆయన ఇంజనీరు, కొలువు మధ్యపరగణాల్లో. పెళ్ళినాటికి ఆమెకు చదువు రాదు. 1877లో పుట్టిన తమ్ముడు లక్ష్మణరావు చదువుకోసం అక్క ఇంటికి వచ్చాడు. తమ్ముడు బడిలో నేర్చినది ఇంటికి వచ్చి అక్కకు చెప్పేవాడు. తెలుగు, హిందీ, మరాఠీ అలా వచ్చాయి. బావగారి జీతం మీద నడిచే ఆ ఇంట్లో సాయంకాలాలు బడిగా మారాయి. లక్ష్మణరావు మరాఠీలో వ్యాసాలు రాశాడు, తెలుగులో శివాజీ చరిత్ర రాశాడు. తర్వాత మునగాల సంస్థానంలో దివాను కొలువు చేస్తూనే విజ్ఞాన చంద్రికా మండలి నడిపాడు, విజ్ఞాన సర్వస్వం తలపెట్టాడు. అచ్చమాంబ 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల ప్రకటించింది. 1902లో హిందూ సుందరిలో కథలు రాసింది.

ఆమెవిగా మనకు అచ్చులో ఉన్నవి జీవితచరిత్రలు, కథలు, వ్యాసాలు. రోజునామా కాదు. అయినా ఈ వ్యాసంలో ఆమెకు చోటివ్వడానికి కారణం ఉంది. దంపతుల ప్రథమ కలహము, ధనత్రయోదశి అన్న కథల పేర్లు చూడండి. కొత్త కాపురంలో వచ్చే మొదటి తగవు, దీపావళికి ముందటి పండుగ రోజున చిన్న కొలువు చేసుకొనే ఇంట్లో పరుల సొమ్ము మీదికి మనసు పోయిన భర్త, అతణ్ణి మళ్ళించే భార్య. ఇవి రోజూ ఇళ్ళలో జరిగే సంగతులు, అంతకుముందు ఎవరూ రాయదగినవి అనుకోనివి. పైగా ధనత్రయోదశిని పండుగగా పట్టించుకొనేది ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో కంటె మహారాష్ట్ర, గుజరాతుల్లో ఎక్కువ. బందరులోనో రాజమండ్రిలోనో కూర్చొని రాసే రచయితకు ఆ పేరు తట్టదు. మరాఠీ ఇళ్ళ మధ్య కాపురమున్న తెలుగు ఇల్లాలికి తడుతుంది. పుట్టిన బిడ్డలు దక్కక, ముప్ఫై ఒకటో ఏటనే 1905 జనవరిలో ఆమె కన్నుమూసింది. మద్రాసు ద్విభాషులు కొలువులో నేర్చిన రాతను ఇంటికి తెచ్చారు. అచ్చమాంబకు కొలువు లేదు. ఆమె ఇంట్లో నేర్చిన రాతను బయటికి తీసుకుపోయింది. మా వాదానికి ఇది మినహాయింపా అంటే, కొంతవరకు అవును. పైనుంచి వచ్చే జీతం ఆ ఇంట్లో లేకపోతే ఆ తీరికా పుస్తకాలూ ఉండేవి కావన్న మేరకు కాదు.

చాందా జిల్లాలో ఇలాంటి ఇల్లు ఒక్కటీ లేదని అనలేం. అచ్చుకు చేరలేదని మాత్రం అనవచ్చు. ఇప్పుడు అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదువంతా మరాఠీలోనో ఇంగ్లీషులోనో సాగే పిల్లలున్నారు. తాతగారి పుస్తకం తెరిస్తే వారికి అక్షరం అందదు. మోడీ లిపిలో ఉంటే మరాఠీ చదివిన వాడికీ అందదు. అందని కాగితం ఇల్లు మారేటప్పుడు, గోడ పడగొట్టేటప్పుడు పాత కాగితాలవాడి తూకంలోకి పోతుంది. దేశమంతటికీ కాగితం పంపే మిల్లు ఉన్న చోట ఇలా జరగడం చూస్తే నవ్వూ బాధా కలిసి వస్తాయి.

అందువల్ల ఈ ప్రాంతంలో పరిశోధనకు వెళ్ళే విద్యార్థులకు రెండు మూడు మాటలు చెప్పవలసి ఉంది. దినచర్య అని అడిగితే ఎవరూ లేదంటారు, లెక్కల పుస్తకం ఉందా అని అడగాలి. అంగడి ఖాతా వెనకపుటల్లో, పంచాంగం అంచుల్లో, పురాణ కాలక్షేపానికి కట్టుకొన్న పుస్తకం చివరి ఖాళీ కాగితాల్లో పుట్టిన వేళలు, చావులు, కరువు ఏడు ధరలు, కాశీకి పోయివచ్చిన ఖర్చులు ఉంటాయి. ఆడవారి రాత అయితే పాటల పుస్తకాల్లో వెతకాలి. కాగితాలు తీసుకురావద్దు, చిత్రాలు తీసుకొని వారివి వారికే ఇవ్వాలి. ఆ ఇంటి పిల్లల ఎదుటనే చదివి వినిపించాలి. తమ ఇంటి మాట అందులో ఉందని తెలిసిన కాగితాన్ని ఎవరూ తూకానికి వేయరు.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. చంద్రపూర్ వైపు పుస్తకాల్లో శాలివాహన శకమో ఇంగ్లీషు తేదీయో ఉంటే, తెలుగు ఇళ్ళలో సంవత్సరం పేరు రాసే అలవాటు ఎక్కువ. వీరాస్వామయ్య బయలుదేరింది వికృతిలో, తిరిగివచ్చింది ఖరలో. రాజురా వైపు నిజాం కాలపు పుస్తకమైతే ఫసలీ ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు మన లెక్క వస్తుంది గాని, హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది గనుక జనవరి నుంచి మిగిలిన నెలలు ఒక ఏడు ముందుకు పడతాయి. 1339 ఫసలీ అని ఉన్న పుట కనిపిస్తే అది 1929 అక్టోబరు తర్వాతిది, అంటే వార్ధా మీదుగా రైలు నడుస్తున్న రోజులది. ఆ పుటలో రైలు ప్రస్తావన ఉందా, ఉంటే ఏ మాటతో ఉంది, టిక్కెట్టు ధర రాశారా అని చూడడం మొదటి పని.